పాత స్పాంజితో పాటు

మా ఆయన సోఫాలు కుడతాడు. కొత్తవి కాదు, కొత్తవి అమ్మడానికి పెద్ద పెద్ద దుకాణాలున్నాయి. చిరిగిపోయి, కుంగిపోయి, స్ప్రింగులు పైకి పొడుచుకొచ్చిన వాటికి బట్ట విప్పి, స్పాంజి మార్చి, మళ్లీ మనుషులు కూర్చునేలా చేసి ఇస్తాడు. చెక్కపనీ, పట్టీలు గుంజి బిగించడమూ ఆయనది, కవర్లు కుట్టడం నాది. మా ఇంటి ముందు గదే దుకాణం. అందులో నా మిషనూ, బట్ట తానులూ, ఎప్పుడు చూసినా కాళ్లు పైకి పెట్టి బోర్లా పడున్న ఒక సోఫానో రెండో ఉంటాయి. వెనక గదిలో మేముంటాం. దాని వెనక రేకుల షెడ్డులో కుక్కలుంటాయి. అన్నీ ముసలివే.

ముందే ఒక మాట చెప్పేస్తాను. నాకు కుక్కలంటే ప్రేమ లేదు. ఎవరైనా వచ్చి "ఎంత పెద్ద మనసండీ మీది" అంటే నాకు ఒళ్లు మండుతుంది. పెద్ద మనసుంటే షెడ్డు కడగదు, నేను కడగాలి. పిల్లల్లేని లోటు తీర్చుకుంటున్నామని కూడా ఎవరూ కథలల్లక్కర్లేదు. ఇద్దరు పిల్లలున్నారు, పెళ్లిళ్లయ్యాయి, వాళ్ల కాపురాలు వాళ్లు చేసుకుంటున్నారు. ఈ కుక్కలన్నీ మా ఇంటికొచ్చింది మా ఆయనకు నోట్లో నాలుక లేకపోవడం వల్ల.

మొదటిది వచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. మా పనిలో ఒక పద్ధతుంది. సోఫా బాగుచేసిన ఇంట్లో పాత బట్ట, పాత స్పాంజి వదిలేసి రాకూడదు, మూటకట్టి మేమే పట్టుకుపోవాలి. దాన్ని ఏం చేస్తామో, ఎక్కడ పారేస్తామో ఎవరూ అడగరు. కళ్ల ముందు నుంచి పోతే చాలు. ఆ రోజు మా ఆయన మూట భుజానికెత్తుకుని గుమ్మం దాటుతుంటే ఆ ఇంటి యజమాని వెనక నుంచి పిలిచాడట.

"ఏమయ్యా, ఎలాగూ వెళ్తున్నావు కదా, ఆ స్పాంజితో పాటు దీన్ని కూడా పట్టుకుపోకూడదూ? ఎక్కడైనా దూరంగా వదిలెయ్యి."

దీన్ని అంటే మెట్ల కింద పడుకున్న ముసలి కుక్కని. సోఫా పాడుచేసింది అదేనట. మా ఆయన ఎవరికీ కాదనలేడు కదా, సరేనన్నాడు. దూరంగా వదలడానికే బండెక్కించాడు, తీరా చూస్తే మా గుమ్మంలో ఉంది.

"ఇదేంటండీ?" అన్నాను.

"వదిలేద్దామనే తెచ్చానే. దిగనంటోంది."

"దిగనంటే? మీకు నోరు లేదా, దానికి కాళ్లు లేవా?"

"కాళ్లు లేవనే కదా దిగనంటోంది," అన్నాడు. నిజమే, దాని వెనక కాళ్లు రెండూ పడిపోయాయి.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని నేను మొత్తుకున్నాను. ఆయన వినిపించుకోకుండా అదే పాత స్పాంజి మూట విప్పి, షెడ్డులో పరిచి, తడి కిందికి దిగకుండా దాని కింద రెక్సిన్ ముక్క వేసి, కుక్కని దాని మీద పడుకోబెట్టాడు. అది ముక్కుతో స్పాంజిని వాసన చూసింది. ఒక మూల గుంటపడిన చోటు వెతుక్కుని, అందులో ముడుచుకుని పడుకుంది. సోఫా మీద అది ఇన్నేళ్లూ పడుకున్న చోటు అదే. మనుషులు మారిపోయినా పక్క మారలేదని సంతోషించిందో ఏమో, ఆ రోజు గుర్రుపెట్టి నిద్రపోయింది.

మాట పాకడానికి ఎంతసేపు పడుతుంది? సోఫాలాయన్ని పిలిస్తే రెండు పనులూ ఒకేసారి అయిపోతాయని ఒకళ్ల నుంచి ఒకళ్లకు చేరిపోయింది. కొన్ని ఇళ్లలో సోఫా బ్రహ్మాండంగా ఉండేది, ఒక్క కుట్టు కూడా ఊడి ఉండేది కాదు. మమ్మల్ని దేనికి పిలిచారో గుమ్మంలో అడుగుపెట్టగానే తెలిసిపోయేది. అందరూ ఒకే మాట అంటారు, ఎక్కడో బళ్లో నేర్చుకొచ్చినట్టు. "మీ దగ్గరైతే హాయిగా ఉంటుందండీ." మేడ మీద మేడ కట్టుకున్నవాళ్లు రెండు గదులవాళ్లతో అనే మాట ఇది. మా ఆయన తలూపుతాడు. తా దూర సందు లేదు, మెడకో డోలు అని నేను వెనక నుంచి గొణుగుతాను. డోలు మాత్రం బండెక్కుతుంది.

వాటికి పేర్లు కూడా మా సామాన్ల పేర్లే. మెత్తగా ఉండేది వెల్వెట్. గుండ్రటి కళ్లది గుండీ. కాలికి ఎప్పుడూ కట్టుతో ఉండేది పట్టీ. వచ్చేవన్నీ చివరి రోజుల్లో వచ్చేవే కాబట్టి ఏ పేరూ ఎక్కువ కాలం పలకలేదు. చెవిలో పుండ్లు, కీళ్ల నొప్పులు, పళ్లూడిన నోళ్లు. వేడినీళ్ల గుడ్డతో కాపడం పెట్టడం, అన్నం మెత్తగా పిసికి గుడ్డు కలిపి పెట్టడం, రాసిన మందు నాకకుండా కాసేపు మూతి పట్టుకుని కూర్చోవడం. పోయినప్పుడు మా ఆయన మంచి బట్ట ముక్కలో చుట్టి తీసుకెళ్లి పాతిపెట్టి వచ్చేవాడు. ఆ ముక్కతో ఒక దిండు కవరొచ్చేదని నేను సణిగేదాన్ని.

ఆయనకొక నియమం కూడా ఉండేది. కుక్కని తీసుకునేటప్పుడు ఆ ఇంటివాళ్లని ఒక్క ప్రశ్న కూడా వేయడు. పేరేంటి, ఏం తింటుంది, ఏ మందులు వాడారు, ఏదీ అడగడు. "అడిగితే పాపం వాళ్లు అబద్ధం చెప్పాలి. కుక్కని వదిలించుకుంటున్నది చాలదా, మళ్లీ అబద్ధం కూడా ఎందుకు?" అనేవాడు. వదిలించుకునేవాడి మీద జాలేమిటని నేను తిట్టేదాన్ని. ఆ జాలే చివరికి మా నెత్తిన కూర్చుంది.

ఊరి చివర కొత్తగా కట్టిన బంగళాల్లో ఒక ఇల్లు. ఆ సారు పెద్ద పెద్ద కంపెనీలకు వెళ్లి, ఉద్యోగం చేసేవాళ్లకి క్రమశిక్షణ మీద పాఠాలు చెబుతాడట. మనిషి మంచి ఎత్తు, మంచి గొంతు. సోఫా బట్ట విప్పగానే మూత్రం వాసన గుప్పుమంది. "సోఫా ఒక్కటి మారిస్తే లాభమేముందయ్యా, కారణం కూడా మారాలి కదా," అంది అమ్మగారు, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని. కారణం వరండాలో కూర్చుని ఉంది. ఒకప్పుడు నల్లగా నిగనిగలాడిన పెద్ద కుక్క. ఇప్పుడు మూతంతా తెల్లబడి, రెండు కళ్లకీ పాలపొరలు కమ్మి, మాట వినిపించిన వైపుకల్లా తల తిప్పుతోంది. మా ఆయన ఎప్పటిలాగే ఏమీ అడగకుండా స్పాంజితో పాటు దాన్నీ తెచ్చాడు. బండెక్కేటప్పుడు అది మొరాయించలేదు. సారు గేటు దగ్గర నిలబడి "ఎక్కు" అన్నాడు, ఎక్కింది.

మా ఇంట్లో అది అన్నం ముట్టలేదు. కొత్త చోటికొచ్చిన కుక్క ఒకటి రెండు పూటలు తినకపోవడం మామూలే. బెంగ పెట్టుకుంటాయి, గోడవైపు తిరిగి పడుకుంటాయి, ఆకలి తన్నుకొచ్చాక లేస్తాయి. ఇది అలా కాదు. కంచం పెట్టగానే లేచి వచ్చి, ముందుకాళ్లు ఆనించి, దాని ముందు నిటారుగా కూర్చునేది. నోట్లోంచి చొంగ తీగలు తీగలుగా కారి కింద మడుగు కట్టేది. ముక్కుపుటాలు అదురుతూ ఉండేవి. కానీ మూతి కిందికి వంచేది కాదు. గుండీ వచ్చి ఆ కంచంలోది గబగబా తినేస్తుంటే పక్కనే కూర్చుని చొంగ కార్చింది తప్ప ఒక్క మెతుకు ముట్టలేదు. నోరు తెరవదని మా ఆయన దానికి జిప్పు అని పేరు పెట్టాడు. మొదట ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత దాని పక్కటెముకలు బయటపడుతుంటే నవ్వు పోయింది.

పాలు పెట్టాం. గుడ్డు పెట్టాం. మాంసం ఉడకబెట్టి పెట్టాం. చేత్తో నోటికి అందిస్తే తల పక్కకి తిప్పేసుకునేది. నీళ్లు మాత్రం తాగేది. మా ఆయన "తిను" అన్నాడు, "తీసుకో" అన్నాడు, "తినరా నాన్నా" అన్నాడు, వచ్చీరాని ఇంగ్లీషులో కూడా బతిమాలాడు. దాని చెవులు ప్రతి మాటకీ నిక్కబొడుచుకునేవి, మళ్లీ వాలిపోయేవి.

పశువుల డాక్టరు వచ్చి పళ్లు చూశాడు, పొట్ట నొక్కి చూశాడు, సూది గుచ్చి సెలైన్ ఎక్కించాడు. కంచం ముందు అది కూర్చున్న తీరు చూసి ఆగిపోయాడు.

"దీనికి జబ్బేం లేదండీ. ఇది నేర్పించిన కుక్క. యజమాని తినమంటే గాని తినదు. దొంగలు విషం పెట్టకుండా కొందరు ఇలా అలవాటు చేస్తారు. వాళ్లనే అడగండి, ఏదో ఒక మాట ఉంటుంది. తొందరగా అడగండి. ఈ వయసులో సెలైన్ మీద ఎన్నాళ్లో బతకదు."

మా ఆయన సారుకి ఫోను చేశాడు. ఒకసారి మోగింది. రెండోసారి కట్ చేశాడు. ఆ తర్వాత అసలు కలవడమే మానేసింది. ఎందుకో నాకర్థమైంది. కుక్కని తిరిగి తీసుకోమంటామని భయం. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్లని చూశాను గాని, ఆ తెప్ప ఎక్కడ మళ్లీ ఈదుకుంటూ వస్తుందోనని తలుపులేసుకునేవాళ్లని అప్పుడే చూశాను.

"పదండి," అన్నాను.

"పిలవకుండా ఎలా వెళ్తామే?"

"సోఫా జిప్పు సరిగా పడిందో లేదో చూడ్డానికొచ్చామని చెప్దాం. అబద్ధం నేను చెప్తాను లెండి, మీ నోరు మైలపడకుండా."

అమ్మగారు తలుపు సగమే తీసింది. మా మొహాలు చూడకుండా మా వెనక్కి తొంగి చూసింది, బండిలో ఏముందోనని. ఏమీ లేదని తేల్చుకున్నాక తలుపు ఇంకాస్త తెరుచుకుంది.

"మెల్లగా మాట్లాడండి," అంది. "పిల్లలున్నారు. అది తోటలో ఉందని చెప్పాం వాళ్లకి. పెద్ద తోట, పరిగెత్తడానికి చోటు ఉంటుందని."

"పరిగెత్తడానికి ముందు కూడు తినాలి కదండీ," అన్నాను. మా ఆయన నా మోచెయ్యి నొక్కాడు. ఆయనే నెమ్మదిగా సంగతంతా చెప్పాడు. ఆవిడ విసుగ్గా నుదురు కొట్టుకుంది.

"అదంతా మా వారి పిచ్చి. చిన్నప్పట్నుంచి అలా నేర్పారు. 'ఊఁ, కానియ్ బంగారం' అంటారు, అప్పుడు తింటుంది. ఇక వెళ్లండి."

మేం పరుగు పరుగున ఇంటికొచ్చాం. మా ఆయన కంచం పెట్టి, దాని ఎదురుగా చతికిలపడి, "ఊఁ, కానియ్ బంగారం," అన్నాడు. జిప్పు ఒక్కసారిగా లేచి నిలబడింది. తోక రెండుసార్లు నేలకి కొట్టుకుంది. మూతి కంచం దాకా వంచింది. అంతలో ఆగిపోయింది. తల పైకెత్తి, కనిపించని కళ్లతో ఆ మాట వచ్చిన వైపు చూసి, మళ్లీ వెనక్కి వెళ్లి కూర్చుంది. మాట అదే. గొంతు అది కాదు. మా ఆయన గొంతు పెంచి, తగ్గించి, బరువుగా, తేలిగ్గా ఎన్ని రకాలుగానో అన్నాడు. చివరికి ఆయన గొంతే బొంగురుపోయింది. నేను చీర చెంగు నోట్లో కుక్కుకుని వంటగదిలోకి వెళ్లిపోయాను. కుక్కలంటే ప్రేమ లేదన్నాను కదా. కోపమొస్తే కూడా ఏడుపొస్తుంది మనిషికి.

మర్నాడు మా ఆయన ఒక్కడే వెళ్లి, సారు ఇంటికొచ్చేదాకా ఆ గేటు బయట నిలబడ్డాడు. నాలుక లేని మనిషికి కాళ్లయినా గట్టివి ఇచ్చాడు దేవుడు. సారు కారు దిగి, మొహం చిట్లించి, సంగతి విన్నాడట. వింటున్నకొద్దీ మొహం విచ్చుకుందట.

"ఇంకా తినలేదా? నిజంగా? ఇన్ని రోజులు?" అన్నాడట. "చూశావా మరి! అదీ శిక్షణంటే. నా క్లాసుల్లో ఇదే చెప్తాను నేను."

బాధ కాదు, గర్వం. ఈ ముక్క మా ఆయన చెప్తుంటే నాకు చేతిలోని కత్తెర విసిరికొట్టాలనిపించింది. ఒక్కసారి ఇంటికొచ్చి తినిపించమని మా ఆయన అడిగాడట. "లేదయ్యా, చూస్తే నాకు కష్టంగా ఉంటుంది," అన్నాడట సారు. "నీ ఫోనులో రికార్డు చేసుకో." ఫోను నోటి దగ్గర పెట్టుకుని, గొంతు సవరించుకుని అన్నాడట.

మా ఆయన షెడ్డులో కూర్చుని ఆ మాట పెట్టాడు. "ఊఁ... కానియ్ బంగారం." ఎంత మెత్తటి గొంతు! పాలు తాగే పసివాణ్ణి లాలించినట్టుంది. ఆ ముక్కలో నటన ఏమీ లేదు, నిజంగా ప్రేమే ఉంది. అందుకే నాకు అసహ్యం వేసింది. ప్రేమ లేనివాడు వదిలించుకుంటే ఒక దారి. ఇంత ప్రేమ గొంతులో పెట్టుకుని ఎలా వదిలించుకుంటాడు మనిషి?

జిప్పు తింది. గబగబా, ఊపిరి తీసుకోకుండా, కంచాన్ని షెడ్డంతా తోసుకుంటూ తింది. మా ఆయన కళ్లు తుడుచుకున్నాడు. అయితే తినడం అయ్యాక అది లేచి వెతకడం మొదలుపెట్టింది. గోడలకి గుద్దుకుంటూ, మిగతా కుక్కల మీద పడుతూ, మూలమూలా వాసన చూసింది. మా ఆయన చేతిలోని ఫోనుని ముక్కుతో పొడిచింది. తర్వాత వెళ్లి తలుపు దగ్గర, తలుపువైపు మొహం పెట్టి కూర్చుంది. ఆ సారు ఇప్పుడే లోపలికొచ్చి ఎటో వెళ్లాడనుకుంది పాపం.

అప్పట్నుంచి రెండు పూటలా ఇదే తంతు. గొంతు పెట్టాలి, అది తినాలి, వెతకాలి, తలుపు దగ్గర కూర్చోవాలి. తన ఫోను పాడైపోతే కుక్క పస్తుంటుందని మా ఆయన ఆ గొంతుని నా ఫోనులో కూడా పెట్టాడు. ఒకసారి కూరలు కొంటుంటే ఎక్కడో వేలు తగిలి నా సంచిలోంచి "కానియ్ బంగారం" అని వినిపించింది. కూరలాయన నన్ను ఎగాదిగా చూశాడు. ఈ వయసులో ఇదేం ఖర్మ అనుకుని వంకాయలు తూయించుకోకుండానే వచ్చేశాను.

మా ఆయన ఊరుకోలేదు. ఆ గొంతు వెనకే తనూ అదే మాట అనేవాడు. కొన్నాళ్లకి దాని చప్పుడు తగ్గించి, తన గొంతు పెంచాడు. చివరికి తన మాటకే తినేలా చేయాలని ఆశ. ఫోను శబ్దం మరీ తగ్గించిన రోజు జిప్పు తినడం ఆపేసి కూర్చునేది. ఆయన మళ్లీ పెంచేవాడు. పిసికి పెట్టేదీ, కడిగేదీ, దాని కళ్లల్లో చుక్కలు వేసేదీ, లేవలేకపోతే చంకలో చేతులు వేసి లేపేదీ మా ఆయన. అది మాత్రం తింటున్నది ఆ మహానుభావుడి కోసం.

"పెట్టేవాడొకడు, పేరు ఇంకొకడిదీనా?" అన్నాను ఒకరోజు, ఉండబట్టలేక.

"తింటోంది కదే," అన్నాడు. మొహం చూస్తే మాత్రం పెళ్లాం అలిగి పుట్టింటికి వెళ్లిన మగాడిలా ఉన్నాడు.

వానలు ముగిసేసరికి దాని మూత్రపిండాలు చెడిపోయాయి. ఇక చేసేదేమీ లేదని డాక్టరు చెప్పేశాడు. ఏది తిన్నా వాంతి చేసుకునేది. ఆకలి చచ్చిపోయింది, చొంగ కారడం మానేసింది. అయినా ఆ గొంతు వినిపిస్తే లేవబోయేది. ముందుకాళ్లు వణుకుతుంటే మూతి కంచంలో పెట్టి, ఒక్కో ముద్దా మింగి, కాసేపటికి అంతా కక్కేసేది. తినాలని లేదు దానికి. తినమన్నాడు కాబట్టి తింటోంది. రెండు పూటలు అలా చూశాను.

"ఇక పెట్టకండి," అన్నాను.

"పెట్టకపోతే తినదుగా."

"తినకపోతే పోతుంది. పెట్టినా పోతుంది. పోయేటప్పుడైనా ఆ మనిషి మాట వినకుండా పోనివ్వండి దాన్ని."

ఆయన రెండు ఫోన్లూ తీసి ముందు గదిలో నా మిషను సొరుగులో పెట్టి వచ్చాడు. దాని తల తొడమీద పెట్టుకుని కూర్చున్నాడు. మధ్యాహ్నం నేను ఒక దిండు కవరుకి అంచు కుడుతుంటే, వెనక నుంచి "ఏమే" అని పిలిచాడు. వెళ్లేసరికే అయిపోయింది. ఆ రోజు ఆకుపచ్చ వెల్వెట్ తానులోంచి కత్తిరించి ఇచ్చింది నేనే. అది ఎవరో పెద్ద సోఫాకి ఆర్డరిచ్చిన బట్ట.

సారుకి చెప్పాలన్నాడు మా ఆయన. ఎందుకన్నాను. "ఆయన కుక్క కదే," అన్నాడు. తన నంబరు కలవదు కాబట్టి నా ఫోనులోంచి చేశాడు. సారు విని, "అయ్యో, మంచి కుక్కయ్యా," అన్నాడు. "చివరిదాకా నా మాటకే తిందా?" అని అడిగాడు. మా ఆయన అవునన్నాడు. అవతల ఆయన తృప్తిగా నిట్టూర్చడం నాకు కూడా వినిపించింది.

కొన్ని నెలల తర్వాత ఆ సారే ఫోను చేశాడు. సోఫా మూల కొరికేసిందట కొత్త కుక్కపిల్ల, వచ్చి బాగుచేయమన్నాడు. నేను వెళ్లొద్దన్నాను. పని పనే కదే అన్నాడు మా ఆయన. ఆయన్ని ఒక్కణ్ణే పంపితే ఏం మూటకట్టుకొస్తాడోనని నేనూ వెళ్లాను.

మా ఆయన హాలులో కూర్చుని చిరిగిన బట్ట విప్పుతున్నాడు. నేను కొలతలు తీసుకుంటున్నాను. సారు కుక్కపిల్లని తెచ్చి, కంచం పెట్టి, దాని ఎదురుగా వేలు చూపిస్తూ "ఆగు" అన్నాడు. పిడికెడంత పిల్ల. బొద్దుగా, నల్లగా, చెవులు నేలకి రాసుకుంటున్నాయి. ఆగింది. ఒళ్లంతా వణుకుతోంది, నోట్లోంచి చొంగ కారుతోంది, కుయ్ కుయ్‌మని సన్నగా ఏడుస్తోంది. అంతలో సారుకి ఏదో ఫోనొచ్చింది. వేలు అలాగే చూపిస్తూ కిటికీ దగ్గరికి వెళ్లి మాట్లాడుతున్నాడు. మాట్లాడుతూనే ఉన్నాడు. పిల్ల ఆగే ఉంది.

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన చేతిలో పనిముట్టు ఆగిపోయింది. ఆ చొంగ మడుగునే చూస్తున్నాడు.

"ఊఁ, కానియ్ బంగారం," అన్నాడు.

అన్ని నెలలు రెండు పూటలా ఆ గొంతు వెంట పలికి పలికి, అచ్చు అలాగే వచ్చింది ఆయనకి. పిల్ల ఒక్క దూకు దూకి కంచంలో తల పెట్టేసింది. సారు గిరుక్కున తిరిగాడు.

"ఏమయ్యా! ఎవరు చెప్పమన్నారు నిన్ను? నేను వారం నుంచి నేర్పిస్తుంటే అంతా పాడుచేశావు కదా!"

మా ఆయన లేచి నిలబడ్డాడు. ఇన్నేళ్ల కాపురంలో ఆయన ఒకరి మొహం మీద గట్టిగా మాట్లాడటం నేను చూడటం అదే మొదటిసారి.

"నా మాటకి కూడా తినాలి సార్. ఇది ముసలిదయ్యాక వచ్చేది మా ఇంటికే కదా. అప్పుడు మళ్లీ పస్తులుండి ఎముకలు తేలకుండా, ఇప్పట్నుంచే నా మాట కూడా విననివ్వండి."

ఎట్టకేలకు ఈ మనిషికి నోరొచ్చిందని పొంగిపోయాను. సారు కొడతాడో, బయటికి గెంటుతాడో, కనీసం తల దించుకుంటాడో అని ఎదురుచూశాను. మెట్ల మీద నుంచి దిగుతున్న అమ్మగారు కూడా ఆగిపోయింది.

సారు గడ్డం రుద్దుకుంటూ ఆలోచించాడు. తర్వాత తలూపాడు.

"మంచి ఆలోచనేనయ్యా. నాకు తట్టనే లేదు చూడు," అన్నాడు. "ఆదివారాలు నీకు ఖాళీయేనా? వారానికోసారి వచ్చి నువ్వూ తినిపించు. ఇప్పట్నుంచే అలవాటైపోతుంది."

"అమ్మయ్య," అంది అమ్మగారు. "ఈసారి ఆ బెంగ లేదు." మా ఇద్దరికీ టీ పెట్టమని లోపలికి కేకేసింది.

మా ఆయన నా వైపు చూశాడు. నేను టేపు చుట్టుకుంటూ ఉండిపోయాను. పిల్ల కంచం నాకడం ముగించి, మూతినిండా మెతుకులతో వచ్చి ఆయన కాళ్ల మీద పడుకుంది. అప్పట్నుంచి మా ఆయన ప్రతి ఆదివారం పొద్దున్నే ఉతికిన చొక్కా వేసుకుని ఆ ఇంటికి వెళ్తున్నాడు, అది తినేదాకా కూర్చుని వస్తున్నాడు. వెళ్లొద్దని నేనూ అనడం లేదు.